ఒక్కో బేరింగుకి ఒక్కో చుక్క

మూడేళ్ల క్రితం ఆ కారుకి తలుపులు కూడా లేవు. ఇద్దరే కూర్చోగల పాతకాలపు స్పోర్ట్స్ కారు. ఇంటి పక్క షెడ్డులో ఇటుకల దొంతరల మీద, డిప్ప ఊడిన తాబేలులా పడి ఉండేది. ఇప్పుడు ముదురాకుపచ్చ రంగుతో మెరుస్తోంది. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వచ్చాయి, నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. ఇంజను మాత్రం పాతదే. ప్రతి ముక్కా ఆమే విప్పి, కడిగి, మళ్లీ కూర్చింది.

ఆమె గడియారాలు బాగుచేస్తుంది. ముప్ఫయ్యేళ్లుగా అదే పని.

ఆ మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. అతనిది లేతు మిషను పని. ఇంజను లోపల బేరింగుల మీద తిరిగే ఇరుసుని, అదే క్రాంకుని, సానబట్టి ఇచ్చింది అతనే. ఇంకోసారి సానబట్టడానికి దాన్లో ఇనుము మిగల్లేదని, అలాంటిది మరొకటి దొరకదని అప్పుడే చెప్పాడు.

"ఏంటక్కా, దీన్ని నడుపుతావా, అద్దాల బీరువాలో పెడతావా?"

"ముందు ఎక్కి కూర్చో. తర్వాత వాగుదువుగాని."

ఆమె తాళం తిప్పబోతుంటే అతను మాటవరసకి అడిగాడు. "ఇంతకీ బేరింగులు బిగించేటప్పుడు నూనె ఎంత పూశావు?"

"పుయ్యడమేంట్రా? ఒక్కోదానికి ఒక్కో చుక్క. సూదిమొనతో, సరిగ్గా నడిమధ్యన."

అతను పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. అది చూసి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాళంచెవి లాగేసుకున్నాడు.

"నీకు దండం పెడతా అక్కా! పొడి బేరింగుల మీద ఇంజను తిరిగితే, నూనె అందేలోపే క్రాంకు గీసుకుపోతుంది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే."

"నాలుగు లీటర్లు పోశాను కదా!"

"అదంతా అడుగునుంది. డిస్ట్రిబ్యూటర్ పీకి, ఆ కన్నంలోంచి కడ్డీ దింపి, డ్రిల్లుతో నూనె పంపు తిప్పాలి. అప్పుడు పైకెక్కుతుంది."

ప్లగ్గులకి కరెంటు పంచే ఆ డిస్ట్రిబ్యూటర్‌ని ఆమె వారం రోజులు కూర్చుని, వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చింది. పీకితే కథ మళ్లీ మొదటికొస్తుంది. కానీ గుచ్చుకున్నది అది కాదు. గడియారంలో నూనె చుక్క దాటితే దుమ్ము పట్టి ముల్లు నిలిచిపోతుంది. చుక్క దగ్గర చెయ్యి ఆపగలగడమే పనితనం. ఆ కొలత ఎప్పుడు చేతుల్లోంచి పాకి మనసులోకి చేరిందో ఆమెకి తెలియదు. మాటైనా, మెచ్చుకోలైనా, ఎవరికైనా సరే, ఒక్క చుక్క. దాన్ని సుగుణమనే అనుకుంది. ఇప్పుడు ఆ సుగుణమే తను ప్రాణం పెట్టినదాన్ని నిలువునా చంపబోయింది.

"నా పని మీద నీకు నమ్మకం లేదు."

"పని మీద బోలెడుంది. నీ పిసినారితనం మీదే లేదు."

 ఆమె స్పానరు తీసుకుని తనే డిస్ట్రిబ్యూటర్ ఊడదీసింది.

వాల్వుల పైమూత తీశారు. ఆమె డ్రిల్లు నొక్కింది. కడ్డీ గిర్రున, తేలిగ్గా తిరిగింది. నూనె జాడ లేదు. అర నిమిషం గడిచింది. ఆమె డ్రిల్లు మీట ఇంకా గట్టిగా నొక్కింది. అంతలో డ్రిల్లు బరువెక్కింది. కింద చీకట్లో ఎవరో కడ్డీని పట్టుకున్నట్టు మణికట్టు మెలితిరిగింది.

"ప్రెషరు ముల్లు లేస్తోందక్కా! ఆపకు!"

మొదటి వాల్వు దగ్గర, గుండుసూది తలంత కన్నంలో, తేనెరంగు బిందువు మెరిసింది. అంతే అనుకుంది. అది ఉబ్బింది, పొంగింది, జారింది. ఆ పక్కది తడిసింది, ఆపైన దాని పక్కది. తను కడిగిన ప్రతి సందులోంచి, వేలు దూరదని వదిలేసిన దారుల్లోంచి, నూనె ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటూ వచ్చి అన్నిటినీ ముంచుతోంది. ఎక్కడా ఆగడం లేదు, కొలవడం లేదు. ఆమె చూస్తూ నిలబడింది. ఎండిన నేలలో ఊట పడ్డప్పుడు మనిషి ఇలాగే నిలబడిపోతాడేమో.

"చాల్లే, బతికిపోయింది నీ బండి. ఇక ఆపు, నీ చీరంతా నూనె."

"కానివ్వరా," అంది. రెండో చెయ్యి ఆ ధార కింద పెట్టింది. అరచెయ్యి నిండి, మోచేతి దాకా కారింది. "ఇంకాస్త రానీ."