వెనక నుంచి పిలవకూడదని

“ఆయిలు సరిపోతాదేటిరా? ఇంకో డబ్బా ఏసుకో నాయినా.”

“నీ బయంతో ఇంజను నడిస్తే ఆయిలే అక్కర్లేదే అమ్మా.”

వేటకు బయల్దేరే ముందు మరిడమ్మ, ఆమె కొడుకు ఎల్లాజీ ఒడ్డున అనుకున్న మాటలివి. నేను ఒక ఇనుప బుడగను, ఒడ్డు మనుషుల మాటలో బుడ్డిని. సముద్రంలో పాతిన స్తంభం చుట్టూ అలతో పాటు లేస్తూ పడుతూ కరెంటు పుట్టించేదాన్ని. షెడ్డులో అతికినప్పుడు కాలాను, నీళ్లలో దింపినప్పుడు చల్లబడ్డాను. రెండూ ఒకలాగే అనిపించాయి. ఇప్పుడు తుప్పుపట్టి ఇసుకలో పడున్నాను. నా మీద చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు చెప్పుకోగా ఒడ్డు సంగతులు తెలిశాయి.

నా కరెంటుతో ఒడ్డున ఒక దీపం వెలిగేది. రాళ్ల మధ్య దారికి పడవలకు అదే గుర్తు. పొగ లేదు, బొగ్గు లేదు అని మొదటిరోజు నాకు దండ వేశారు. తర్వాత దీపం ఆరినప్పుడు తిట్టడానికే గుర్తొచ్చేదాన్ని.

ఆ రోజు మరిడమ్మ ఇంటికి పోయి డబ్బా తెచ్చేసరికి పడవ అలల్లోకి దిగిపోయింది. వేటకు వెళ్లేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

సాయంత్రం గాలి తిరిగింది. ఆయిలు అయిపోయిన పడవ కొట్టుకొచ్చి నాకు తగిలింది. పడవ కొట్టుకుపోకుండా ఎల్లాజీ దాన్ని నాకు కట్టి, నన్నూ స్తంభాన్నీ కలిపి తాడుతో బిగించేశాడు. నా కదలిక ఆగింది. ఒడ్డున దీపం ఆరింది.

“మళ్లీ పాడైపోనాది” అన్నారంతా.

“ఎవడో బుడ్డికి పడవ కట్టీసుంటాడు” అని మరిడమ్మ మరిది నూకయ్య తన పడవ తీశాడు. ఆమె డబ్బాతో ఎక్కేసింది.

“నువ్వెందుకొదినా?”

“ఆయిలు నా కాడుంది.”

వాళ్లు వచ్చేసరికి ఇంకా మసక వెలుతురుంది. పడవలో మనిషి కనబడలేదు. అతను వల కింద ముడుచుకుని పడున్నాడు. ఆ బరువు తాడు లాగుడులో నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నాకు నోరు లేదు.

కొడుకు పడవ వెనక వైపు నుంచే మరిడమ్మ పిలిచింది.

“ఎల్లాజీ.”

అల వచ్చింది, పోయింది. మళ్లీ పిలిచింది. నూకయ్య తెడ్డు ఆపేసి తల దించుకున్నాడు. ఆమె డబ్బాను ఇంకా దగ్గరికి హత్తుకుంది. ఏడవలేదు.

వల కదిలింది.

“ఆయిలు తెచ్చేవేటే అమ్మా?”