పాటకు బీమా లేదు

"పేషెంటు ఏం పని చేస్తది అంకుల్?" అని ఆసుపత్రి కౌంటరులో కూర్చున్న అమ్మాయి అడిగితే, "పాడుతది" అన్నాను.

ఆ అమ్మాయి కంప్యూటరులో అదే కొట్టింది. పక్కన నిలబడ్డ మా ఆవిడ రేణుకమ్మ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. ఆపరేషన్ అయ్యేదాకా గొంతు వాడొద్దని డాక్టరు చెప్పాడు కనుక ఆమెకు గిల్లడం తప్ప వేరే దారి లేదు. ఎందుకు గిల్లిందో నాకు అప్పుడు తెలియలేదు. మా ఊళ్లో ఎవరిని అడిగినా ఆ మాటే చెబుతారు. నాట్లు వేస్తుంది, పసుపు ఉడకబెడుతుంది, ఇల్లు చూసుకుంటుంది. అవి అందరూ చేసేవే కదా.

మాది రెంజల్ దగ్గర ఊరు. గోదావరి దాటితే మహారాష్ట్ర. అందుకే మా వైపు పండరి భజన ఎక్కువ. ఇంట్లో తెలుగు, పాండురంగడి ముందు మరాఠీ. రేణుకమ్మకు మరాఠీ చదవడం రాదు. పాటలన్నీ వాళ్లమ్మ నోటి నుంచి తన నోటికి వచ్చినవే. పెళ్లయిన కొత్తలోనే తులసి మాల వేసుకుంది. మాల వేసుకున్నవాళ్లు మాంసం ముట్టరు. మెడలో మాల లేకుండా అన్నం మాట అటుంచి మంచినీళ్లు కూడా తాగరు. దారం తెగితే, మళ్లీ గుచ్చి వేసుకునేదాకా పస్తే.

నేను వేసుకోలేదు. నాకు గొంతు లేదు, తాళం పట్టినా తప్పుతాను. నా భక్తి అంతా వినడంలోనే ఉండేది. తెల్లవారి ఆమె దీపం పెట్టి పాడుతుంటే కొట్టంలో పశువులకు గడ్డి వేస్తూ వినేవాణ్ణి. బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లవాళ్లు మా ఇంటి ముందుకు వచ్చేసరికి ఎడ్లను కాసేపు ఆపేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పోయి ఊరంతా వరి అయింది. పాట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది.

పోయిన కార్తీకంలో ఆమె గొంతు బొంగురుపోయింది. చలి అనుకున్నాం. మిరియాల కషాయం, పసుపు పాలు, ఎవరో చెబితే అతిమధురం, అన్నీ అయ్యాయి. సంక్రాంతి దాటేసరికి పై స్వరం పోయింది, శివరాత్రికి కింది స్వరమూ పోయింది. పొద్దున దీపం పెట్టి, పెదవులు కదిపి, లేచి వచ్చేది. నేను గడ్డిమోపు పట్టుకుని అలవాటుగా ఆగేవాణ్ణి. పశువులు కూడా తల తిప్పి చూసేవి, లేక నాకే అలా అనిపించేదో.

పాండురంగా, ఏ గొంతుతో నిన్ను రోజూ లేపుతున్నామో ఆ గొంతునే ఎందుకు మూశావయ్యా? నీకింకా నిద్ర తీరలేదా? ఈ మాట దేవుడి గదిలో నిలబడి అడగలేక గొడ్ల కొట్టంలోనే అడిగాను.

నిజామాబాద్‌లో ఉంటున్న మా కూతురు సుష్మ జ్యేష్ఠంలో ఊరికి వచ్చి, తల్లి నోరు తెరిస్తే గాలి వస్తోందని చూసి, ఆ రోజే బండెక్కించింది. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో గొంతు డాక్టరు సన్నటి కెమెరా లోపలికి పంపి తెర మీద చూపించాడు. స్వరపేటిక అంచు మీద జొన్నగింజంత గడ్డ ఉంది.

"చిన్న ఆపరేషనే. నోట్లకెల్లే తీసేస్తం. కోత లేదు, కుట్లు లేవు" అన్నాడు డాక్టరు. "కానీ పెరగకముందే తియ్యాలె."

"పాట వస్తదా సార్?" అని అడిగాను.

"మాట వస్తది." ఆయన చేతి తొడుగులు తీసి పక్కన పడేశాడు. "పాట సంగతి ఇప్పుడే చెప్పలేను. కొందరికి పై స్వరం మళ్లీ అందదు."

రేణుకమ్మ తెర వైపే చూస్తోంది. తీసిన వీడియోలో ఆ జొన్నగింజ ఆమె ఊపిరికి అటూ ఇటూ ఊగుతోంది.

సుష్మ రెండేళ్ల కిందట మా ఇద్దరి పేరు మీద ఆరోగ్య బీమా కట్టింది. అప్పుడు నేను వద్దన్నాను, రోగానికి ముందే రొక్కం కట్టడం అపశకునమని. ఇప్పుడు అదే పనికొచ్చింది. రక్తపరీక్షలు, గుండె పరీక్ష, మత్తు డాక్టరు చూడటం అయ్యాక, ఆసుపత్రిలో బీమా కాగితాలు చూసే మహీన్ అనే ఆ కౌంటరు అమ్మాయి అన్నీ కంపెనీకి పంపింది. మాది రెంజల్ అని తెలిసి, "మాది బోధనే అంకుల్, పరేషాన్ కాకుండ్రి" అంది. ముందు అనుమతి మరునాడే వచ్చింది. అసలు అనుమతి ఆపరేషన్ తర్వాత వస్తుందట.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు వచ్చి ఒంటి మీదవన్నీ తీయమంది. పుస్తెలు, మెట్టెలు, ముక్కుపుడక రేణుకమ్మ తీసి సుష్మ చేతిలో పెట్టింది. మాల దగ్గర ఆగింది.

"అది గూడ తియ్యాలె అమ్మా. మెడకు ఏం ఉండొద్దు."

"ఏం తాగేది తినేది లేదు కదనే ఇప్పుడు. తియ్యి అవ్వా, ఏం గాదు" అంది సుష్మ.

రేణుకమ్మ మాలను రెండు చేతులతో తల మీదుగా తీసి కళ్లకద్దుకుని, కూతురికి ఇవ్వకుండా నా చొక్కా జేబులో వేసింది. జేబు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. తర్వాత చక్రాల బండి మీద లోపలికి తీసుకుపోయారు.

ఆపరేషన్ అనుకున్నట్టే తొందరగా అయిపోయింది. గడ్డ శుభ్రంగా వచ్చిందని, పరీక్షకు పంపామని, వారం రోజులు నోరు విప్పొద్దని, గుసగుస కూడా వద్దని డాక్టరు చెప్పాడు. రేణుకమ్మ వార్డులో మత్తుగా పడుకుని ఉంది. అప్పుడు కింది నుంచి మహీన్ ఫోన్ చేసింది.

"అంకుల్, జెర కిందికి రాండ్రి. కంపెనీ వాళ్లు క్వెరీ పెట్టిండ్రు."

వెళ్లాను. మహీన్ తెర నా వైపు తిప్పింది.

"పాలసీల ఆంటీది హౌస్‌వైఫ్ అని ఉన్నది. మన ఆసుపత్రి కాగితంల సింగర్ అని ఉన్నది. ఆ తేడా వాళ్లు పట్టుకున్నరు. పాట పాడే పని చేస్తే పాలసీల ఎందుకు చెప్పలేదంటున్నరు. గొంతు మంచిగ జేసుకునేటందుకు చేయించుకున్న ఆపరేషన్ అయితే పైసలు రావంట."

"సింగర్ అని నేనెక్కడన్న బిడ్డా? పాడుతది అన్న."

"అన్నరు కదా! నేనదే కొట్టిన." ఆమె నుదురు పట్టుకుంది. "అందరు ఇంటిపని అంటరు, కూలీ అంటరు. పాడుతది అని ఎవ్వరు అనలే అంకుల్ ఇప్పటిదాంక. నేను నిజంగనే టీవీల పాడుతదేమో అనుకున్న."

"ఇప్పుడెట్ల మరి?"

"ఏం లేదు. ఒక తెల్లకాయిదం మీద మీరు రాసి సంతకం పెట్టుండ్రి. నా భార్య గాయని కాదు, ఇంటిపని చేస్తది, ఈ ఆపరేషన్ పాట కోసం కాదు, గడ్డ ఉన్నందుకు చేయించినం అని. రెండు లైన్లు. సాయంత్రం వరకు అయిపోతది."

కాయితం, కలం ముందు పెట్టింది. ఊరు పేరు, నా పేరు బాపురావు అని రాశాను. 'నా భార్య రేణుకమ్మ' అని రాశాను. అక్కడ ఆగిపోయాను.

గడ్డ ఉందని మాకెక్కడ తెలుసు? పాట పోయిందనే వచ్చాం. పాట కోసం కాదని నేను రాస్తే, పైన మత్తులో ఉన్న మనిషి గొంతు గురించి నేను దేవుడికి ఏం చెప్పినట్టు? నాకక్కర్లేదని సంతకం పెట్టినట్టే కదా. పాలసీ వాళ్లు చదివేది ఆయన చదవడా? పై స్వరం అందకపోతే, ఆ కాయితమే నాకు గుర్తొస్తుంది.

"ఏమైంది అంకుల్? స్పెల్లింగా?"

"కాదు బిడ్డా. అబద్ధం అయితదేమో అని."

"ఇందుల అబద్ధమేమున్నది? ఆంటీ గాయనినా మరి?"

కలం మూత పెట్టాను, తీశాను. వెనక మనుషులు గొణుగుతున్నారు. ఒకాయన, "పాటల పరీక్ష రాస్తున్నవా ఏంది పెద్దమనిషీ, జర జరుగు" అన్నాడు. పక్కకు జరిగి గోడ మీద కాయితం ఆనించి నిలబడ్డాను. అలా ఎంతసేపు నిలబడ్డానో, సుష్మ ఫోన్ వచ్చింది.

"బాపూ, యాడున్నవ్? అవ్వకు తెలివొచ్చి శానసేపాయె. నీళ్లు ఇస్తే మూతి తిప్పుతున్నది. నర్సమ్మ నా మీద ఒర్రుతున్నది."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. మాల నా దగ్గరే ఉంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను.

వార్డులో నర్సు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "గొంతు ఎండిపోతే మంచిదా? ఇంత మొండితనం ఏంది పెద్దమ్మా? నొస్తుందా? వాంతి అస్తుందా? తల ఊపు ఏదన్న!" అంటోంది. రేణుకమ్మ మెడ చూపించి, గోడ చూపించి, తలుపు చూపించి అలిసిపోయింది. పెదవులు పగిలి ఉన్నాయి. నన్ను చూడగానే చెయ్యి చాపింది. నేను మాల తీసి మెడలో వేశాను. గ్లాసు అందుకుని ఒక్కో గుటకా ఆపి ఆపి తాగింది.

"గింత దానికా!" అంది నర్సు. "చీటీ రాసి ఇస్తే అయిపోతుండె కదా." అన్నదే కానీ రెండో గ్లాసు తానే నింపింది.

యాడికి పోయావన్నట్టు రేణుకమ్మ నా వైపు గడ్డం ఎత్తింది. ఉన్నది చెప్పాను. "నువ్వు గాయనివి కాదు అని రాయుమంటున్నరు. నాకు చెయ్యాడుతలేదు."

ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోంది, చప్పుడు లేకుండా. నవ్వొద్దని సుష్మ అరిచింది. రేణుకమ్మ వంగి నాటు వేసినట్టు చేత్తో చూపించింది, తర్వాత గరిటె తిప్పినట్టు చూపించింది. రాయి, అంది వేళ్లతో. చివరికి తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి పైకి ఎత్తి వదిలేసింది. అది తనది కాదని, పాండురంగడిదని.

ఆమెకు అది ఎంత తేలికో చూసి నాకు సిగ్గేసింది. మాల వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ తేడా ఇదేనేమో. ఇచ్చినవాడు ఉంచుకుంటే ఉంచుకుంటాడని ఆమె అనుకుంది. నేనలా అనుకోలేను. నాకా పాట కావాలి.

కిందికి వచ్చి రాసి ఇచ్చాను. మహీన్ పైకే చదివింది.

"నా భార్య రేణుకమ్మ పొలం పని, ఇంటి పని చేస్తుంది. ఏకాదశికి దేవుని ముందర పాడుతుంది. అందుకు ఎవరి దగ్గర పైసలు తీసుకోదు. గొంతులో గడ్డ అయ్యి మాట రాక ఆపరేషన్ చేయించినాము. పాట మళ్లీ రావాలని నాకు ఉన్నది. దానికి మీరు పైసలు ఇయ్యనవసరం లేదు. గడ్డకు ఇయ్యండి."

చదివి ఆమె పాట గురించి రాసిన చోట వేలు పెట్టింది. "ఆఖరుకు ఈ రెండు మాటలు తీసేద్దామా అంకుల్?"

"ఉండనీ బిడ్డా."

"ఉండనీ అంటే ఉండనీ." స్కాన్ చేసి పంపింది. "మా నానమ్మ గూడ పొద్దున పొద్దున ఖురాన్ చదువుతుండె. ఆ ఆవాజ్ ఇంక యాడ దొరుకుతది" అంది, నా వైపు చూడకుండా.

సాయంత్రం అనుమతి వచ్చింది. తొడుగులకూ దూదికీ పైసలు ఇవ్వం అన్నారు, అవి మేమే కట్టాం. గడ్డలో చెడు ఏమీ లేదని తర్వాత తెలిసింది.

వారం అనుకున్న మౌనం, వాపు తగ్గలేదని డాక్టరు పొడిగించాడు. ఆషాఢ ఏకాదశి ఆ మౌనంలోనే వచ్చింది. పండరికి నడిచిపోయేవాళ్లు ఈసారి ఆమె లేకుండానే పోయారు. ఊళ్లో మిగిలినవాళ్లం భజనకు కూర్చున్నాం. రేణుకమ్మ తాళాలు పట్టుకుంది. ఆమె ఎత్తుకునే పాటను భజన పెద్ద లింబాద్రి ఎత్తుకున్నాడు. పైకి పోవలసిన చోట అతని గొంతు చీలింది. అందరూ అలవాటుగా ఆమె వైపు తిరిగారు. ఆమె కళ్లు మూసుకుని తాళం వేస్తూనే ఉంది.

"వదినా, నీ జాగల నేను మేక లెక్క అరుస్తున్న. తొందరగ రా నువ్వు" అన్నాడు లింబాద్రి హారతి అయ్యాక. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత చూపించినప్పుడు డాక్టరు "ఆ అను" అన్నాడు. "ఆ" అంది. సన్నగా, తడిగా, ఎవరో కొత్తవాళ్ల గొంతులా ఉంది. "ఇగ మెల్లగ మాట్లాడొచ్చు. పాట మాత్రం కార్తీకం దాకా వద్దు. అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఇంటికి వచ్చే బస్సులో, "ఏదన్న ఒక మాట మాట్లాడు" అన్నాను. తల అడ్డంగా ఊపింది. బోధన్ దాటాక మళ్లీ అడిగాను. కిటికీ వైపు తిరిగింది. ఇన్నాళ్ల తర్వాత మొదటి మాట దేవుడికి దాచిపెట్టిందనుకున్నాను. అది న్యాయమే. అయినా కొంచెం కష్టం అనిపించింది.

మరునాడు పొద్దున ఆమె దీపం పెట్టింది. నేను గడ్డిమోపు పట్టుకుని కొట్టంలో ఆగాను. లోపల చప్పుడు లేదు. అగరువత్తి వాసన బయటికి వచ్చింది. చాలాసేపు అలాగే నిలబడ్డాను. కార్తీకం ఎంత దూరం! అప్పటికైనా అందుతుందో లేదో.

"ఓ సుష్మ బాపూ! బర్రె తాడు తెంపుకోని నారుమడిల పడ్డది. గా గడ్డి వట్టుకోని అట్ల బొమ్మ లెక్క నిలవడితే ఎట్లనయ్యా!"

గడప మీద నిలబడి ఉంది రేణుకమ్మ. నారుమడిలో బర్రె నిజంగానే మేస్తోంది. నేను కదల్లేదు.

"ఇనవడుతలేదా?"

"ఇనవడలే," అన్నాను. "మల్లొకసారి అను."