మాట చివరి నంబరు

సోమవారం సరుకెక్కించే లోపు చేయవలసినవి మారిట్ ఒక అట్టముక్క మీద రాసి చుక్కాని పక్కన గుచ్చింది. లంగరు గొలుసుకు గ్రీజు. అడుగున చేరిన నీళ్లు తోడటం. పడవ పక్కన వేలాడే టైర్లలో రెండు మార్చడం. బంగాళాదుంపలు, కాఫీ పొడి. రేడియోలో నంబరు మార్పించడం. ఆ చివరి దాని మీద వాళ్ల నాన్న వీబే పెన్సిలుతో గీత కొట్టాడు. అయిపోయిందన్నమాట.

మారిట్ గుచ్చి గుచ్చి అడగలేదు. అడిగే ఓపిక లేదు. భర్త నడుము పట్టేసి ఒడ్డున ఇంట్లోనే ఉండిపోయినప్పటి నుంచి, ఫోర్టునా అనే ఆ సరుకు పడవని తండ్రీ కూతుళ్లే నడుపుతున్నారు. వాల్ నది మీద పైకీ కిందికీ తిరిగి తిరిగి కళ్లు ఇసుక పడ్డట్టు మండుతున్నాయి.

సెప్టెంబరులో ఫోర్టునా రేడియో మూగబోయింది. వీబే తన పాత పడవ తుక్కుకి పోయేటప్పుడు ఊడదీసి దాచుకున్న రేడియో తెచ్చి బిగించాడు. ఆ పడవ పేరు యాంతీనా. పోయిన భార్య పేరే. ఆ నది మీద ప్రతి రేడియో, మాట్లాడి మీట వదలగానే తన పడవ నంబరు తనే పంపుతుంది. మనిషి చెవికి చిన్న గరగర, అంతే. ఒడ్డున రాకపోకలు చూసే కేంద్రంలో మాత్రం తెర మీద పడవ పేరూ పొడవూ పడతాయి. అందుకే రేడియో ఇంకో పడవకి మారితే నంబరు కూడా మార్పించాలి.

బుధవారం పొద్దున పొగమంచు కమ్మింది. నైమేహన్ ఊరికి దిగువన ఉన్న మలుపు దగ్గర మారిట్ మీట నొక్కి, ఫోర్టునా దిగువకి వస్తోందని చెప్పింది. అదే క్షణంలో ఇంకెవరో మాట్లాడారు. మాట మీద మాట పడి కలిసిపోయాయి.

కాసేపటికి ఎదురుగా నూనె ట్యాంకరు ముక్కు పొగమంచులోంచి మేడంత ఎత్తున లేచింది. మారిట్ ఇంజను వెనక్కి తిప్పి, పడవని ఒడ్డు రాళ్ల వైపుకి మళ్లించింది. రెండు పడవలూ రాసుకున్నంత దగ్గరగా దాటాయి. పక్కన వేలాడే టైరొకటి తెగి నీళ్లలో పడింది.

రేడియోలో కేంద్రం మనిషి గొంతు వినిపించింది. "మీ మాట అందలేదమ్మా, నంబరొక్కటే అందింది. తెర మీద ముప్పై ఎనిమిది మీటర్ల యాంతీనా అనొచ్చింది. చిన్నదే కదా, చోటు సరిపోతుందని ట్యాంకరు వాళ్లకి చెప్పాను."

ఫోర్టునా పొడవు ఎనభై అయిదు మీటర్లు.

ఒడ్డుకి కట్టేశాక మారిట్ తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నంబరు మార్పించావా నాన్నా?"

"గీత కొట్టానుగా."

"గీత నేనూ చూశాను."

వీబే కాఫీ కప్పులోకి చూస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. రేడియో దుకాణం గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాడట. నది మీద మనిషిని సొంత పేరుతో ఎవరూ పిలవరు, పడవ పేరే మనిషి పేరు. ఆ పాత పడవలో చుక్కాని తనదైనా, రేడియోలో మాట ఎప్పుడూ భార్యదే.

"మీట వదిలితే ఇంకా అక్కడ మీ అమ్మ పేరు పడుతోంది కదే. ఇంకెక్కడా పడట్లేదు."

మారిట్‌కి కోపం రావాల్సింది. రావడానికి కూడా బలం లేకపోయింది. "ఈ పని అమ్మకి తెలిస్తే ఏం చేసేదో తెలుసా?"

"బఠాణీ సూపు గిన్నె నా ముందు నుంచి లాగేసుకునేది," అన్నాడు వీబే. "మూడు రోజులు."

మధ్యాహ్నానికి పొగమంచు విడిపోయింది. రేడియో విప్పి దుకాణానికి మోసుకెళ్లే ముందు వీబే ఒక్కసారి మీట నొక్కాడు. ఏమీ అనకుండానే వదిలేశాడు.

"యాంతీనా, చెప్పండి," అంది కేంద్రం.

వీబే మళ్లీ మీట నొక్కాడు. "ఏం లేదు. పొద్దున తప్పు మీది కాదు, నాది. ఇకనుంచి మేం ఫోర్టునా."

తర్వాత స్క్రూలు ఒక్కొక్కటే విప్పి కూతురి అరచేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఆ తెర మీద ఆ పేరు రాదు. చదివినవాళ్లు మీరైనా గుర్తుంచుకోండి: యాంతీనా బోస్మా, ఇరవై తొమ్మిదేళ్లు పొగమంచులో ఎదురొచ్చే పడవలకి తామెక్కడున్నారో తప్పు లేకుండా చెప్పిన మనిషి.