పంక్తిలో ఒక ఖాళీ

నేను ఒక డమ్మీని. ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థి ఉంటాడు చూశారా, అసలు అభ్యర్థి సంగతి తేలేదాకా నిలబడి, తేలగానే ఎవరికీ గుర్తు లేకుండా పోయేవాడు. పుస్తకాల్లో ఆ ఉద్యోగం నాది. అసలు పుస్తకానికి ఉండే పొడుగు, మందం, కాగితం, బైండింగు అన్నీ నాకూ ఉంటాయి. అక్షరాలూ బొమ్మలే ఉండవు. అచ్చుకు వెళ్ళేముందు పుస్తకం చేతిలో ఎలా ఉంటుందో చూసుకోవడానికి నన్ను చేస్తారు. చూసుకున్నాక నన్నేం చేస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే పుట్టిన దగ్గర్నుంచీ నాకు మనుషుల మీద అనుమానం.

బెజవాడ సూర్యారావుపేటలో ఒక ప్రెస్సు. అక్కడ నా కాగితాలు కోసి, వీపుకి గమ్ము పూసి, బరువు కింద పెట్టి ఆరనిచ్చారు. వేదాద్రిగారనే పెద్ద చిత్రకారుడి బొమ్మల ప్రదర్శనకి కేటలాగు వెయ్యాలి. దానికి నేను నమూనా. నిలువు కన్నా అడ్డం ఎక్కువున్న పుస్తకాన్ని. ప్రెస్సు యజమాని సదాశివరావు నన్ను తీసుకెళ్ళి హైమవతి బల్ల మీద పెట్టాడు.

"ఈ కేటలాగు నీదమ్మా. ఏ పేజీలో ఏం రావాలో నువ్వే పేర్చు. బాగా వస్తే ఇకనుంచి నీకు పుస్తకాల పనే. తేడా వచ్చిందా, మళ్ళీ శుభలేఖలే" అన్నాడు.

హైమవతి, పిల్లలు కాలేజీల్లో చేరాక తను ఉద్యోగంలో చేరిన మనిషి. అప్పట్నుంచీ శుభలేఖలూ పెళ్ళి ఆల్బమ్‌లూ చేస్తోంది. ఖాళీ కనబడితే ఊరుకునే చెయ్యి కాదు. మొదటిరోజే నా పేజీల మీద పెన్సిల్‌తో బొమ్మకో గడి గీసి, గడి చుట్టూ అంచు గీసి, అంచు మూలల్లో పువ్వులు పెట్టింది.

సదాశివరావు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏంటమ్మా ఇది? బొమ్మకి అరటిబోదెలు కట్టావు?"

"బోసిగా ఉందండీ."

"ఉండనీ. చూసేవాడి కన్ను ఎక్కడో ఒకచోట కాస్త కూర్చోవాలా వద్దా? నిలబెట్టి తిప్పుతూనే ఉంటే ఎట్లా?"

పువ్వులన్నీ రబ్బరుతో చెరిపేసింది. ఆ మంట నాకింకా గుర్తుంది. ఆ తర్వాత నేర్చుకుంటూనే పోయింది. ఇంగ్లీషు వరసల మధ్య సరిపోయే ఎడం తెలుగుకి చాలదని, కింద ఒత్తులూ పైన గుడులూ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయని నేర్చుకుంది. ఒక బొమ్మ చూసి పేజీ తిప్పేలోపల మనిషి దాన్ని కాస్త మర్చిపోవాలని కూడా నేర్చుకుంది. సాయంత్రం నన్ను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి, కూర పొయ్యి మీద పెట్టి, నా పేజీలు తిప్పుతూ కూర్చునేది.

వాళ్ళత్తగారు దూరం నుంచి చూసి చూసి ఒకరోజు అడిగింది: "ఏమీ లేని పుస్తకం అంతసేపు ఏం చదువుతావే?"

ఆవిడకీ నాలాగే అనుమానం ఎక్కువ.

ఒకరోజు వేదాద్రిగారి భార్య సీతారత్నంగారు ప్రెస్సుకి వచ్చింది. ఆయన ఫ్రేముల పనిలో ఉన్నారుట. బొమ్మల ఫొటోలు ఆవిడే పట్టుకొచ్చింది. అన్నీ ఇచ్చి, ఒక్కటి చేతిలో ఉంచుకుంది. దాని పేరు 'పంక్తి'. పెళ్ళిపందిట్లో భోజనాల బంతి. ఈ చివర్నుంచి ఆ చివరికి వరసగా జనం, అందరి ముందూ అరిటాకులు. సరిగ్గా మధ్యలో ఒకావిడ గరిటె పట్టుకుని నిలబడి మనకేసి చూస్తూ ఉంటుంది. వేదాద్రిగారికి పేరు తెచ్చిన బొమ్మ అదేనట.

"ఇది మాత్రం రెండు పేజీలకీ పరిచి వెయ్యమన్నారమ్మా ఆయన. పెద్దదిగా. ఇదిగో, ఈ మధ్యకి సరిగ్గా మధ్య రావాలి" అంటూ ఆవిడ నన్ను తెరిచి, నడిమి మడత మీద గోటితో పైనుంచి కిందిదాకా గీసింది.

చూపించడానికి వేలు చాలదూ? గోరెందుకు?

హైమవతికి అవేం పట్టలేదు. రెండు పేజీల బొమ్మ అనగానే సంబరపడిపోయింది. కంప్యూటర్లో పరిచి, కాగితం మీద తీసి, నా పేజీలకి అంటించి, తెరిచి చూసింది. మడతలోంచి గరిటె కొస ఒక్కటే బయటికి పొడుచుకొచ్చి ఉంది. పట్టుకున్న మనిషి లేదు.

"తెర మీద బాగానే కనిపించిందే!" అంది.

తెరకి మడత ఎక్కడుంటుంది? ఉన్నది నాకు. గమ్ము బైండింగు పుస్తకం వీపు దగ్గర ఎప్పుడూ పూర్తిగా తెరుచుకోదు. అక్కడ పడినదాన్ని మింగేస్తుంది.

తప్పు తనదే అనుకుని బొమ్మని కాస్త పక్కకి జరిపింది. ఇప్పుడు మడతలో పందిరి గుంజ పడింది, ఆవిడ బయటికొచ్చింది. సీతారత్నంగారు మళ్ళీ వచ్చి చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఎందుకు జరిపావమ్మా?"

"మధ్యలో వేస్తే ఆవిడ మొహం మడతలోకి పోతోందండీ."

"పోతే పోనీ. మా మనవరాలి పెళ్ళి ఆల్బమ్‌లో నా మొహమూ అట్లాగే పోయింది. పెళ్ళి ఆగిందా? ఆయన మధ్యలోనే వెయ్యమన్నారు, వెయ్యి."

ఆవిడ వెళ్ళాక హైమవతి చాలాసేపు నా మడతకేసి చూస్తూ కూర్చుంది. మడత ఏం చేస్తుందో తెలిసే అడుగుతోంది ఈ మనిషి! మొగుడి పాత బొమ్మలో ఎవరో ఆడమనిషి, పెళ్ళాం ఆమెని కనబడకుండా చెయ్యమంటోంది. ఎవరైనా ఇంకేం అనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. అసలు ఆయన ఆ మాట అన్నాడో లేదో. అనకపోతే రేపు పుస్తకం చూసి, నాకు పేరు తెచ్చిన బొమ్మని పాడుచేసిందెవరని ఆయన అడిగితే, వేలు హైమవతి వైపే చూపిస్తారు. మళ్ళీ శుభలేఖలే.

తేల్చుకుందామని నన్ను సంచిలో వేసుకుని పటమటలో వాళ్ళింటికి వెళ్ళింది. ముందుగదిలో వేదాద్రిగారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. "రత్నం, ఇంకో రెండు కాఫీలు!" అని కేక వినబడింది. సీతారత్నంగారు హైమవతిని వంటింట్లోకే రమ్మంది. నన్ను గట్టు మీద పెట్టారు. గ్లాసు తడి నా అట్టకి అంటుకుంది. నన్నెవరూ పట్టించుకోలేదు.

"ఆ బొమ్మ అలా వెయ్యమన్నది ఆయనా, మీరా అండీ?"

సీతారత్నంగారు కాఫీ తిరగబోస్తూ, "ఎవరైతే ఏంటమ్మా?" అంది.

"ఆ మనిషి మాయమైపోతోందండీ."

"పోనీలెద్దూ. ఇన్నేళ్ళు నిలబడే ఉందిగా. కాసేపు కూర్చోనీ."

"ఎవరండీ ఆవిడ?"

ఆవిడ కాఫీలు ముందుగదిలో ఇచ్చి వచ్చి, గోడకి వేలాడుతున్న గరిటె తీసి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఇప్పుడు చెప్పు, ఎవరో."

హైమవతి నోరు తెరిచింది. నాకు నోరు లేదు గానీ, ఉంటే నేనూ తెరిచేదాన్నే.

"మా చెల్లెలి పెళ్ళిలో చూసి వేశారు. అందరికీ ఆకులు వేశారు. సరిగ్గా చూశావో లేదో, పందిరి చివర కుక్క ఉంటుంది, దానికీ ఒక ఎంగిలాకు ఉంది. నాకు లేదు. ఏవండీ, నాకూ ఒక ఆకు వెయ్యకూడదా అంటే, నువ్వు కూర్చుంటే బొమ్మ పడిపోతుంది రత్నం, అన్నారు." ఆవిడ గరిటె మళ్ళీ మేకుకి తగిలించింది. "ఎక్కడ పెట్టినా జనం దాని ముందు నిలబడి, ఆవిడ మొహంలో ఎంత తృప్తో అంటారు. తృప్తి కాదమ్మా అది. ఆకలి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు ఆరోజు."

హైమవతి నన్ను దగ్గరికి లాక్కుని, అంటించిన కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసింది. సంచిలోంచి అదే బొమ్మ చిన్న సైజుది తీసి కుడి పేజీలో అంటించింది. బంతి మొత్తం ఆ పేజీలో సరిపోయింది. ఆవిడ కూడా.

"మడతలో వేస్తే కూర్చోపెట్టినట్టు కాదండీ, తొక్కేసినట్టు. ఇట్లా వేస్తాను. ఎడమ పేజీ మీది. అందులో ఏమీ వెయ్యను."

"ఏమీ వెయ్యకపోతే నాదెట్లా అవుతుంది?" అని అడిగింది సీతారత్నంగారు. ఆవిడ అనుమానం న్యాయమైందే.

హైమవతి పెన్సిల్ ఆవిడ చేతికి ఇచ్చింది. సీతారత్నంగారు చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ తెల్ల పేజీ నిండా ఒక అరిటాకు గీసింది. కొస ఎడమవైపుకి. పుస్తకం తెరిచి కూర్చున్న మనిషికి వడ్డించాల్సిన తీరున. ఈనె కాస్త వంకర పోయింది.

"ఇది అచ్చు వేద్దామాండీ?"

"నీకేమన్నా మతిపోయిందా? ఆయన పుస్తకంలో నా గీతలేంటి. తెల్లగానే ఉంచు."

మర్నాడు సదాశివరావు ఆ చోట ఆగాడు. ఆకుకేసి చూశాడు, కంప్యూటర్లో ఖాళీకేసి చూశాడు. "ఈ పేజీ మర్చిపోయావా, వదిలావా?"

"వదిలానండీ."

"అయితే ఉండనీ" అని పేజీ తిప్పాడు. వచ్చేవారం ఒక వ్యాస సంపుటం వస్తోందని, దానికి కాగితం చూసిపెట్టమని పోతూ పోతూ అన్నాడు.

ప్రదర్శన రోజు హైమవతి నన్ను కూడా తీసుకెళ్ళింది. అసలు పుస్తకాలు దొంతరలుగా మెరిసిపోతున్నాయి. జనం కొనుక్కుని, సంతకం కోసం వేదాద్రిగారి చుట్టూ మూగారు. ఆయన ఒక పుస్తకం అందుకుని, ఎక్కడ పెట్టాలా అని పేజీలు తిప్పి, 'పంక్తి' దగ్గర ఆగారు. పక్క పేజీ చూసి మొహం వికసించింది.

"భలే! సంతకానికి చోటు వదిలారే" అని ఆ తెల్ల పేజీ ఈ మూల నుంచి ఆ మూలకి తన పేరు రాసేశారు. తర్వాత వచ్చిన ప్రతి పుస్తకంలోనూ అదే పేజీ.

హైమవతి మొహం కందగడ్డ అయింది. సీతారత్నంగారు ఆమె పక్కకి వచ్చి నిలబడింది.

"చూశావా, అందులోనూ ఆయనే కూర్చున్నారు" అంది నెమ్మదిగా. హైమవతి సంచిలోకి తొంగిచూసి, "ఆ ఉత్త పుస్తకం నీకేమన్నా పనికొస్తుందా?" అని అడిగింది.

అలా నేను పటమట వంటింటికి చేరాను. పచ్చడి జాడీలకీ గ్యాసు పుస్తకానికీ మధ్య నా చోటు. జాడీ తీసినప్పుడల్లా ఆ చెయ్యి నాకోసమే అనుకుని హడలిపోతుంటాను. అలమరలో పరుస్తుందనో, గిన్నె మసి తుడవడానికి చింపుతుందనో.

మొన్న మధ్యాహ్నం నా అనుమానమే నిజమైంది. అందరి భోజనాలూ అయ్యాక ఆవిడ నన్ను తీసి, గట్టు మీద పెట్టి, ఆ పేజీ దగ్గర తెరిచింది. వంకర ఈనె ఆకు మీద కంచం పెట్టింది. వేడన్నం. నా కాగితం ఉబ్బింది. ఇంతేలే నా బతుకు, వేడి గిన్నెల కింద మెత్త, అనుకున్నాను.

ఆవిడ మూలనున్న ఎత్తుపీట లాక్కుని కూర్చుంది. పప్పు కలుపుకుంది. కుడి పేజీలో గరిటె పట్టుకున్న మనిషి ఆవిడకేసే చూస్తోంది.

"రత్నం!" అని ముందుగదిలోంచి కేక వచ్చింది. "ఎవరో వచ్చారు, కాస్త కాఫీ..."

"తింటున్నానండీ" అంది సీతారత్నంగారు. లేవకుండా ఇంకో ముద్ద కలుపుకుంది.