ప్యాక్ చేయని ఫైలు

ఫ్యాక్టరీ ఆసుపత్రి వెనక గదిలో ఉన్న పాత కంప్యూటరు మొరాయిస్తే పక్కన రెండు దెబ్బలు వేస్తే దారికొచ్చేది. దాని ముందు కూర్చునే రికార్డులమ్మ మాత్రం దేనికీ దారికొచ్చే మనిషి కాదు. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. చేరిన ప్రతి కార్మికుడి పేరు, సెక్షను, ఛాతీ ఎక్స్‌రే ఫలితం ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఫైలులోకి ఎక్కించింది ఆమె చేతులే. అలాంటి మొండి మనిషి కూడా ఒక్కసారి తల వంచింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పందొమ్మిదేళ్ళ క్రితం మాట. ఫ్యాక్టరీలో రాయిని పొడి చేసే ఏడో సెక్షను ఉండేది. అందరూ దాన్ని దుమ్ము షెడ్డు అనేవాళ్ళు. అక్కడ పనిచేసేవాళ్ళ ఎక్స్‌రేల్లో ఒకరి తర్వాత ఒకరికి మచ్చలు కనిపించడం మొదలయ్యేసరికి వారం తిరక్కుండా షెడ్డు మూసేశారు. గుర్తింపు కార్డులు గుంజుకున్నారు. అప్పటి మేనేజరు ఈమెను పిలిచి, "ఆ సెక్షను వాళ్ళందర్నీ తీసెయ్. ఫైలు శుభ్రంగా ఉండాలి," అన్నాడు. మనుషుల్ని తీసేయడం ఆయనకు అంత తేలిక. ఆమె నీళ్ళు నమిలింది, ఉద్యోగం పోతుందని భయపడింది, చివరికి కూర్చుని నలభై ఒక్క రికార్డుల మీద డిలీట్ కొట్టింది. అందులో ఆమె అక్క భర్త రికార్డు కూడా ఉంది.

అయితే ఆ పాత ఫైళ్ళకు ఒక పద్ధతి ఉంది. డిలీట్ కొడితే రికార్డు పోదు. దాని ముందు ఒక చుక్క గుర్తు పడుతుంది, తెర మీద కనిపించడం మానేస్తుంది, అంతే. నిజంగా పోవాలంటే ప్యాక్ అనే ఆజ్ఞ ఇవ్వాలి. ప్రతి ఏడూ లెక్కలు ముగిసే రోజున మేనేజరు గది నుంచి ఫోను వచ్చేది. "ప్యాక్ చేశావా?" "చేశానండి," అనేది. పందొమ్మిదిసార్లు నిమ్మకు నీరెత్తినట్టు అబద్ధమాడింది. ధైర్యం అంటే అంతే ఉండేది ఆమె దగ్గర, సగం ధైర్యం.

ఇప్పుడు ఆ సగం చాలదు. ఊపిరితిత్తుల జబ్బులకు కొత్తగా పెద్దాసుపత్రి వచ్చింది. దుమ్ములో పనిచేసినట్టు ఫ్యాక్టరీ రికార్డుల్లో ఉన్నవాళ్ళనే చేర్చుకుంటుంది. బావ రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ ఫ్యాక్టరీ పంపిన జాబితా చూసి "మీ పేరు లేదండీ" అని తిప్పి పంపారు. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడే మనిషి అతను. మూడోసారి వెళ్ళనని మొండికేశాడు. ఈలోగా ఫ్యాక్టరీ వాళ్ళు పాత ఫైలునంతా ఎస్‌క్యూఎల్ టేబుల్ అనే కొత్తరకం పట్టికలోకి మార్చి పెద్దాసుపత్రికి అప్పజెప్పాలని నిర్ణయించారు. అప్పజెప్పగానే పాత కంప్యూటరు తుక్కులోకి పోతుంది. చుక్క పడిన నలభై ఒక్కమందీ దాంతోపాటే పోతారు.

మార్పిడికి వచ్చిన ఇంజనీరు బట్టతల, మెడలో కళ్ళద్దాల తాడు, అందర్నీ అండీ అని పిలిచే మనిషి. పదకొండు గంటలకల్లా పని ముగించి ఒళ్ళు విరుచుకున్నాడు.

"నల్లేరు మీద నడకేనండీ. ఫైలులో ఆరువేల రెండు వందల పన్నెండు, టేబుల్లో ఆరువేల రెండు వందల పన్నెండు. ఇదిగో ధ్రువపత్రం. రికార్డుల బాధ్యులు మీరే కాబట్టి సంతకం పెట్టండి."

రికార్డులమ్మ పెన్ను ముట్టుకోలేదు.

"ఫైలు మొదట్లో ఎన్ని రికార్డులున్నాయో ఒక అంకె రాసి ఉంటుంది కదండీ. అది చూశారా?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఆరువేల రెండు వందల యాభై మూడు."

"నలభై ఒక్కమంది తక్కువొచ్చారు."

"అవి డిలీట్ చేసినవండీ. మా ప్రోగ్రాము వాటిని దాటేస్తుంది. ఎవరైనా అంతే చేస్తారు."

"వాళ్ళనీ ఎక్కించండి."

ఇంజనీరు ఒక నిమిషం గోడ వంక చూశాడు. నాకెందుకీ గొడవ అని ఆయన మొహంలో స్పష్టంగా రాసి ఉంది. అయినా ప్రోగ్రాములో ఒక మాట మార్చి మళ్ళీ నడిపాడు. ఈసారి టేబులే తిరగబడింది. నలభై ఒక్క వరుసలనూ తిప్పికొట్టింది.

"కొత్త టేబుల్లో ఏడో సెక్షనే లేదండీ. లేని సెక్షనులో మనుషులున్నారంటే అది ఒప్పుకోదు."

"అయితే సెక్షను పెట్టండి."

"మేనేజరుగారిని అడక్కుండా పెట్టలేనండీ."

మేనేజరు వచ్చాడు. పాత మేనేజరు పోయి చాలాకాలమైంది. ఇతను మూడోవాడు, ఆ షెడ్డును కంటితో చూసినవాడు కూడా కాదు. అయినా కుర్చీతోపాటు భయం కూడా వారసత్వంగా వచ్చినట్టుంది.

"రికార్డులమ్మా, పాత చెత్తంతా ఇప్పుడు తవ్వడం ఎందుకు? పెద్దాసుపత్రి ఆఫీసరమ్మగారు మీ సంతకం కోసమే పై గదిలో కూర్చున్నారు. సంతకం పెట్టేయండి, అందరం చేతులు దులుపుకుందాం."

"మీరు దులుపుకోగలరేమో సార్. నా చేతులకు అంటుకునే ఉంది."

"అసలు తీసేసింది ఎవరో తెలుసా?" అతను తెర మీదకు వంగి వేలితో చూపించాడు. "ప్రతి వరుస చివర పొడి అక్షరాలున్నాయి. ఎవరివో చూడండి. ఇవి బయటికెళ్తే మొదట అడిగేది మిమ్మల్నే. మీ ఉద్యోగానికే ఎసరొస్తుంది."

ఆమెకు భయమేసింది. ఆ భయం పందొమ్మిదేళ్ళ నాటిదే, ఆమెకు బాగా తెలిసినదే. కానీ ఈసారి దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టే ఓపిక ఆమెకు లేదు.

"నావే సార్. నేనే కొట్టాను. మీ కుర్చీలో కూర్చున్న మనిషి చెప్తే కొట్టాను. అడగనివ్వండి, అదే చెప్తాను. మీరు కూడా నాతోపాటు పైకి రండి, ఇద్దరం కలిసి చెప్దాం."

మేనేజరు తెర మీంచి వేలు తీసేశాడు.

"సంతకం నాది లేకపోతే టేబుల్ తీసుకోనని ఆఫీసరమ్మగారు అన్నారు కదా," అంది ఆమె. "రెండు వందల పన్నెండుకైతే పెట్టను. రెండు వందల యాభై మూడుకైతే పెడతాను. ఎంతసేపైనా ఇక్కడే కూర్చుంటాను. డబ్బాలో అన్నం కూడా తెచ్చుకున్నాను."

మేనేజరు ఫోను తీశాడు, జేబులో పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి ఎవరికీ చేయకుండా తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. వద్దని మాత్రం అనలేదు.

"ఆయన వద్దన్నారా అండీ?" అని అడిగాడు ఇంజనీరు.

"మీరు విన్నారా?"

"నేనేం వినలేదండీ." ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "ఏడో సెక్షను పేరేం పెట్టమంటారు?"

"దుమ్ము షెడ్డు."

నలభై ఒక్క వరుసలు ఎక్కడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. పందొమ్మిదేళ్ళు దాచిన బరువు ఇంతేనా అని ఆమెకు కోపమొచ్చింది. ధ్రువపత్రంలో పాత అంకె కొట్టేసి కొత్తది రాసింది. దాని కింద, "ఇందులో నలభై ఒకటి నేను ఆదేశం మీద డిలీట్ చేసినవి" అని రాసి సంతకం పెట్టింది. పై గదికి తనే తీసుకెళ్ళి ఆఫీసరమ్మ చేతికిచ్చింది. ఆవిడ ఆ వాక్యం రెండుసార్లు చదివి, కుర్చీ చూపించి, మొదటినుంచీ చెప్పమంది. ఆమె చెప్పింది.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. బావ కిటికీ పక్కన దిండ్లకు ఆనుకుని ఉన్నాడు.

"ఏం మరదలా, ఈ రోజు నీ కంప్యూటరు డబ్బా చచ్చిందా?" అన్నాడు ఎప్పటిలాగే.

ఆమె చెప్పులు విడిచి, అచ్చేసి తెచ్చిన కాగితం అతని ఒళ్ళో పెట్టింది. పేరు, సెక్షను, ఎక్స్‌రేలో మచ్చ, చివర రెండు పొడి అక్షరాలు.

"రేపటినుంచి పెద్దాసుపత్రిలో నీ పేరు ఉంటుంది బావా. ఇన్నాళ్ళూ లేకుండా చేసింది నేనే."

వంటింటి గుమ్మంలో అక్క గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది. బావ కాగితం చదివాడు. తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడేమీ లేదు. దగ్గు తెర ఒకటి వచ్చి వెళ్ళింది.

"రెండుసార్లు వాళ్ళ ముందు అబద్ధాలకోరులా నిలబడ్డాను," అన్నాడు. "తెలుసా నీకు?"

"తెలుసు."

"నలభై ఒక్కమందిలో ఎంతమంది మిగిలాం?"

ఆ లెక్క ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది. "పదహారు."

బావ దిండ్లు పక్కకు తోసి, గోడ పట్టుకుని లేచాడు. అక్క ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పద. మిగతా పదిహేనుమందికీ చెప్పాలి. ఇళ్ళు నేను చూపిస్తాను. ఎవరు తీసేశారో, ఎవరు దాచారో ప్రతి గుమ్మంలోనూ నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

ఆమె విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకుంది.