జీవరత్నం మెడలో పెట్టె

మండవల్లి దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆ ఏడు వేసవిలో వరసకొకరి మెడలో అగ్గిపెట్టెంత పెట్టె వేలాడదీశారు. గోడకవతల ఐసు ప్లాంటు. అక్కణ్ణుంచి అమోనియా గ్యాసు కారితే పెట్టె కుయ్యిమంటుంది, వైర్లేమీ లేకుండానే ఆఫీసు కంప్యూటరుకీ తెలిసిపోతుంది. గోడవార వరస తరఫున జీవరత్నం మెడలో వేశారు.

మొదటివారంలోనే అది నాలుగైదుసార్లు కూసింది. మిగతా వరసలవి పలకలేదు. సూపర్‌వైజరు వచ్చి చూసేసరికి ఊరుకునేది.

"దానికీ ముక్కుందర్రా!" అంది రాజకుమారి. "పొద్దున్నే ఎండుమెత్తళ్ళ బుట్ట దించి వచ్చావా ఏంటి రత్నం?"

షెడ్డంతా ఘొల్లుమంది. జీవరత్నం తల్లి ఎండుచేపలు అమ్మేది. చిన్నప్పుడు బడిలో ఈమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. గ్యాసు సంగతి తెలియక కాదు. తెలిసినా, పెట్టె కూసినప్పుడల్లా ఆ బడి బల్లే గుర్తొచ్చేది. ఒళ్ళంతా సబ్బు రుద్దుకుని, పౌడరు అద్దుకుని వచ్చినా కూసింది.

పక్కన కూర్చునే తబస్సుమ్ మాత్రం నవ్వేది కాదు. ఏలూరు పిల్ల, పెళ్ళై ఇటు వచ్చింది. ఇంటికెళ్ళే ఆటోలో అందరూ కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, తను కావాలని జీవరత్నం భుజానికి ఆనుకునేది. "మా అక్క రోజాపువ్వండీ!" అనేది.

ఒక పొద్దున జీవరత్నం ఆ పెట్టెని అన్నం క్యారేజీ అడుగుగిన్నెలో పెట్టి మూత బిగించింది. పైన షెడ్డువాళ్ళిచ్చిన పని గౌను ఉంటుంది, మెడలో ఏముందో ఎవరు చూస్తారు? ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మర్నాడూ నవ్వలేదు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

ఆ హాయిలోనే మంచినీళ్ళు తాగుదామని బయటికి వెళ్ళింది. అప్పటికే సన్నగా కారుతున్న గోడవార గ్యాసు పైపు విచ్చుకుంది. అరుపులు విని పరిగెత్తుకొచ్చేసరికి తబస్సుమ్‌ని మోసుకొస్తున్నారు.

ఏలూరు ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకుని వెళ్ళింది. తబస్సుమ్ గొంతు గుసగుసలా మిగిలింది.

"అమ్మ ఇక పనికి పంపనంటోంది అక్కా. కంపెనీవాళ్ళొచ్చారు. మీ పెట్టె పాడైందంట కదా? కంప్యూటర్లో ఏమీ రాలేదంట."

అవునంటే సరిపోయేది. అవునందామనే నోరు తెరిచింది.

"పాడవలేదమ్మా. క్యారేజీలో పెట్టేశాను."

"ఎందుకక్కా?"

"నవ్వుతున్నారని."

తబస్సుమ్ చున్నీ కొస లాక్కుని ముక్కుమీద కప్పుకుంది.

దగ్గొస్తోందేమోనని జీవరత్నం కాసేపు ఆగి చూసింది. దగ్గలేదు. బత్తాయిల సంచి మంచం కింద పెట్టి లేచింది.