నాకు తలంటు పోసిన ఢిల్లేశ్వరరావు

నేను ఒక అట్ల పెనాన్ని. పెనమే కదా అని తేలిగ్గా చూడకండి. పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల రేవుకు ఎగువన దాలమ్మ హోటల్ ఎక్కడ అని అడిగితే పాకే పిల్లలు కూడా వేలు చూపిస్తారు. పేరు దాలమ్మదే గాని, ఆ పేరు తెచ్చింది నేను. ఈ మాట ఆమె దగ్గర అనకండి, అట్లకాడతో నన్నే బాదుతుంది.

నేను పుట్టింది ఆమదాలవలసలో, ఒక పోతపని కొట్టంలో. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి, చల్లారాక బయటికి లాగి, "వంకరొచ్చిందిరా" అని నన్ను ఒక మూలకు గిరాటేశారు. నిజమే, నా నడుము ఒక పక్కకు కాస్త పల్లం. కొత్త పెళ్లికూతురు దాలమ్మ మొగుడి వెంట అండమాన్ ఓడ ఎక్కబోతూ ఏరి కోరి నన్నే తెచ్చుకుంది. ఓడలో అందరూ కడుపులో పేగులు బయటికొచ్చేలా కక్కుకుంటుంటే, ఆమె నన్ను పాత చీరలో చుట్టి తలకింద పెట్టుకుని గుర్రుపెట్టి నిద్రపోయింది. ఇనుప దిండు మీద నిద్రపట్టే మనిషితో కాపురం ఎలాగో ఏమోనని నాకు అప్పుడే దిగులు పట్టుకుంది.

దీవికి చేరాక మొగుడు వలలకు, ఆమె అట్లకు. తడికల హోటల్ రేకుల హోటలైంది, రేకులు పోయి స్లాబు వచ్చింది, కట్టెలు పోయి గ్యాసు వచ్చింది. కూతురు పచ్చడి నూరే వయసుకొచ్చింది, ఆ కూతురికి కూతురు పుట్టి అదీ పచ్చడి దగ్గరికే వచ్చింది. ఇన్నేళ్లూ కొబ్బరినూనె తాగి తాగి నా ఒళ్లు నల్లగా నిగనిగలాడేది. నన్ను ఎవరూ కడగరు. ఉల్లిపాయ చెక్కతో ఒక రుద్దుడు, గుడ్డతో ఒక అద్దుడు, అంతే నా స్నానం. మనుషులు రోజూ నీళ్లు పోసుకుని కూడా మధ్యాహ్నానికల్లా ఎందుకు కంపు కొడతారో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఎదురుగా వేలాయుధం గారి పరోటా హోటల్ ఉంది. మదురై వైపు నుంచి వచ్చినవాళ్లు, మాకున్నంత చరిత్ర వాళ్లకీ ఉంది. రెండు హోటళ్లకూ పోటీయే గాని పగ లేదు. పొద్దున్నే మా మొదటి అట్టు రోడ్డు దాటి ఆయన బల్ల మీదికి వెళుతుంది, ఆయన మొదటి పరోటా మా ఇంటికి వస్తుంది. ఆ తర్వాతే ఎవరికైనా వడ్డన. ఏ హోటల్లో కొత్త చెయ్యి పొయ్యి దగ్గరికి వచ్చినా తీర్పు ఎదుటివాళ్లదే. తింటే ఆ చెయ్యి పనికొచ్చినట్టు. ఆకు మడిచి తిప్పి పంపితే ఆ చెయ్యి పొయ్యి దగ్గర కనపడకూడదు. కాకి పిల్ల కాకికి ముద్దు, ఇంట్లోవాళ్ల మెప్పు ఎవరికి కావాలి అంటుంది దాలమ్మ.

ఇక ఢిల్లేశ్వరరావు సంగతి. పేరులో తప్ప ఢిల్లీ ఎరగడు. ప్రయాణికుల ఓడలో, వంటశాలలో గిన్నెలు తోమే కొలువు. దాలమ్మ మనవరాలు కాంచనను పెళ్లాడాడు గాని, నెలలో సగం రోజులు సముద్రం మీదే. వాడు ఇంట్లో ఉంటే కాంచన పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది, ఓడ మీద ఉంటే అసలు వెయ్యదు. తినేవాళ్లకు రెండూ శిక్షే. చివరికి ఒకరోజు వాడు దాలమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మమ్మా, నాను ఓడ మానేస్తాను. ఇక్కడే అట్లేసుకుని బతుకుతాను."

"అట్టెయ్యడమంటే గిన్నెలు తోమినట్టేటి బావూ? రేపు పొద్దున్న నువ్వే ఎయ్యి. ఎదురింటన్న తిన్నాడా, నా పొయ్యికాడే ఉండు. తినలేదనుకో, సాయంత్రం ఓడెక్కీ" అంది దాలమ్మ.

కాంచన మొహం చూడాల్సింది. నూరుతున్న పచ్చడిలో బండ వదిలేసి అలా ఉండిపోయింది.

తెల్లారేసరికి ఢిల్లేశ్వరరావు అందరికంటే ముందు లేచాడు. ఓడలో పాత్ర తళతళలాడకపోతే పైఅధికారి వేలితో రాసి చూసి కేకలేస్తాడట. పాపం, వాడికి తెలిసిన భక్తి అదొక్కటే. కొబ్బరిపీచు, ఇసుక, సబ్బుపొడి తెచ్చి, నన్ను వీధిలో పడుకోబెట్టి ప్రాణం పెట్టి తోమాడు. నా ఏళ్లనాటి నలుపు కాలవలో కలిసిపోయింది. పుట్టిన నాటి తర్వాత ఎవరూ చూడని నా ఒళ్లు ఊరందరికీ కనపడింది. సిగ్గుతో చచ్చాను. వాడు మాత్రం నాలో మొహం చూసుకుని క్రాపు దువ్వుకున్నాడు.

దాలమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! నా పెనానికి తలంటు పోసేసినావేటి బావూ!"

అప్పటికే ఎదురుగా వేలాయుధం గారు ఆకు పరుచుకుని కూర్చున్నారు. కాంచన గొంతు తగ్గించి, "అమ్మమ్మా, అటక మీద నూనె పట్టించిన ఇంకో పెనముంది. దానిమీద నానొకటేసి ఇచ్చేత్తాను. తాతకేటి తెలుస్తాది?" అంది. దాలమ్మ వినపడనట్టు పిండి కలుపుకుంటోంది. అంటే సరేనని అర్థం. అంత నియమాల మనిషి!

"ఒద్దు. తోమింది నాను. నానే ఏస్తాను" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

వేశాడు. నేను వదిలిపెట్టాలనే చూశానండీ, ఒట్టు. కానీ నూనె పొర లేని ఇనుము పిండిని పట్టుకుంటే ఉడుంపట్టే. వాడు గీకాడు, పీకాడు, బతిమాలాడు. చివరికి సగం ఉడికి సగం ఉడకని మెత్తటి పీలికలు పోగయ్యాయి. వరుసలో ఉన్న ఒకాయన "అట్టా, ఉప్మావా?" అని అడిగాడు. ఢిల్లేశ్వరరావు పీలికలన్నీ ఆకులో పెట్టుకుని రోడ్డు దాటాడు. వెనకాల కాంచన, ఆమె వెనకాల దాలమ్మ, ఆమె వెనకాల ఆకలి మరిచిపోయిన జనం. గుమ్మం లోంచి నాకు అంతా కనపడుతూనే ఉంది.

వేలాయుధం గారు ఒక పీలిక నోట్లో వేసుకున్నారు. ఇంకొకటి. ఆకు ఖాళీ చేసి, వేలు నాకి, "ఇంకా ఉందా?" అన్నారు.

ఆయన దాలమ్మ వైపు తిరిగి గుబురు మీసం పైకెత్తి చూపించారు. లోపల ఒక్క పన్ను లేదు.

"తంగచ్చీ, కోపం వద్దు. నీ అట్టు కరకర. నాకు నమలడానికి లేదు. చెప్తే చెల్లి బాధపడుతుంది అని రోజూ మా మేకకి పెడుతున్నాను. ఈ దినమే కడుపు నిండా తిన్నాను."

"అందుకేనేటి ఆ మేక అలగ బలిసిపోనాది!" అని దాలమ్మ కేక పెట్టింది. రోడ్డంతా గొల్లుమంది. కోపం తెచ్చుకోవాలని ఆమె శతవిధాల ప్రయత్నించింది గాని, నవ్వు ముందొచ్చి రోడ్డు మధ్యలోనే చతికిలబడింది. "తాత తిన్నాడా నేదా? అది సెప్పు!" అని కాంచన నిలదీసింది. "తిన్నాడు!" అన్నారు జనమంతా.

ఆ రోజంతా దాలమ్మ తన చేత్తోనే నాకు నూనె పట్టించింది, కాల్చింది, మళ్లీ పట్టించింది. పక్కనే నిలబెట్టి వాడికి నేర్పింది. సాయంత్రానికి అట్లు ఒక మాదిరిగా లేస్తున్నాయి.

అప్పుడు రేవులో వాడి ఓడ కూత వేసింది. ఢిల్లేశ్వరరావు చెయ్యి గాలిలో ఆగిపోయింది. అలవాటైన కాళ్లు కదా, ఒక అడుగు గుమ్మం వైపు పడింది కూడా. ఓడ రెండోసారి కూసింది, దూరమైంది, వాడు నిలబడే ఉన్నాడు. ఈలోగా నా మీద అట్టు మాడి బొగ్గయింది.

మాడిన అట్టు దాలమ్మకు మహాపాపం. ఆమె అట్లకాడ అందుకుంది. వాడు తల వంచుకున్నాడు. ఆమె ఆ మాడిన అట్టును తీసి, మడిచి, తన నోట్లోనే పెట్టుకుని కరకరా నమిలేసింది.

"పిండెయ్యి బావూ, పెనం సల్లారిపోతంది" అంది.

పచ్చి అబద్ధం. నేను భగభగలాడుతున్నాను.